మొగను బాగుచేసే ముందు మమ్మల్ని అడగండి: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. నదీముఖ పునరుద్ధరణ ప్రణాళిక విషయమై మేము ఇప్పటికి 3 వినతిపత్రాలు సమర్పించాం. మొదటిదానికి రసీదు వచ్చింది, రెండోదానికి "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యం వచ్చింది, మూడోదానికి అదీ రాలేదు. అందువల్ల ఈసారి నలుగురి ఎదుటా రాయవలసి వస్తోంది. పునరుద్ధరణ మాకు ఇష్టం లేదని ఎవరైనా మీకు చెప్పి ఉంటే దయచేసి నమ్మకండి. నది సముద్రంలో కలిసే ఈ మొగ పూడి, మడ అడవి ఎండితే మొదట పస్తులుండేది ఈ ఒడ్డున బతికే మేమే.

మా ఆవేదన అంతా ఆ ఒక్క సమావేశం గురించి. "ప్రజాభిప్రాయ సేకరణ పూర్తయింది" అని ప్రణాళికలో రాసుకున్నది దాన్ని చూపించే. దాన్ని అమావాస్య మర్నాడు, నీరు బాగా వెనక్కి తీసి బురదనేల బయటపడే వేళకు ఏర్పాటు చేశారు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎంత ఎక్కువో పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, కూడా అంత ఎక్కువ కాబట్టి, గుల్లలు ఏరుకునే ఆడవాళ్లకు నెల మొత్తంలో చేతినిండా పని దొరికేది ఆ నాలుగు రోజులే. వాళ్లలో ఒక్కరూ రాలేకపోయారు. వచ్చిన కొద్దిమందికి వందల పేజీల ఇంగ్లీషు నివేదికను బల్ల మీద చూపించారు గానీ, చదివి చెప్పినవారు లేరు. తెర మీద పటం వేసి, సందేహాలుంటే కాగితం మీద రాసి పెట్టెలో వేయమన్నారు. చదువు రాని పెద్దాయన ఒకరు లేచి మాట్లాడబోతే "రాసి ఇవ్వండి" అని కూర్చోబెట్టారు. ఆయన తలపాగా తుండు విప్పి భుజాన వేసుకుని, మారు మాట్లాడకుండా బయటికి వెళ్లిపోవడం నేను చూశాను. తలుపు దగ్గర హాజరు పట్టీలో మేము చేసిన సంతకాలే తరువాత మా సమ్మతిగా నమోదయ్యాయి. వచ్చామని పెట్టిన సంతకం ఒప్పుకున్నామన్న సంతకం ఎలా అయిందో ఈనాటికీ మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పెద్దాయన చెప్పదలచుకున్నది చాలా చిన్న విషయం. మడ మొక్కలు నాటుతామని పటంలో ఆకుపచ్చ రంగు వేసిన చోటు, పోటుకు నిలువెత్తు నీళ్లు నిలిచే బురద. ఆయన ఎరిగినంతలో అక్కడ మడ మొలవలేదు. గుల్లలు పెరిగేది అక్కడే, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు మేసేదీ అక్కడే. పటంలో మాత్రం ఆ నేలకు "ఖాళీ" అని పేరు పెట్టారు.

ఇది చదువులేని మనిషి మాట అని తోస్తే, ఫిలిప్పీన్స్ అనుభవం చూడండి. మడ సహజంగా పెరిగే ఎగువ నేలలు అప్పటికే చేపల చెరువులుగా మారిపోవడంతో, ఎవరి హక్కుకూ తగాదా లేని దిగువ బురదల్లోనూ సముద్రపు గడ్డి పెరిగే చోట్లలోనూ అక్కడ దశాబ్దాలపాటు నాటుతూ పోయారు. ఆ మొక్కల్లో దీర్ఘకాలం బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని 2008లో వెలువడిన సమీక్ష తేల్చింది. రోజులో ఎంతసేపు నీట మునగాలి, ఎంతసేపు వేళ్లకు గాలి తగలాలి అన్నదాని మీదే మడ ప్రాణం ఆధారపడి ఉంటుంది. చాలాచోట్ల నాటవలసిన అవసరమే రాదు. పూడిన పాయలను తెరిచి పోటునీరు వచ్చిపోయేలా చేస్తే, దగ్గరలో అడవి మిగిలి ఉన్నంతవరకు, గింజలు నీటిలో కొట్టుకొచ్చి తామే పాతుకుంటాయి. ఏ పాయ ఏ వరదకు పూడిందో, ఏ గట్టు కట్టాక నీరు మళ్లిందో మా పెద్దవాళ్లకు గుర్తుంది. ఆ మాట అడిగినవారే లేరు.

ఇంజినీర్ల పని వృథా అని నేను అనడం లేదు. చిలికా సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త మొగ తెరిచాక ఉప్పదనం కుదుటపడింది, చేపలు పెరిగాయి. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి 1993లో చేరిన ఆ సరస్సు 2002లో బయటపడింది. అయితే మొగను ఎంత వెడల్పు తెరవాలన్న ప్రశ్నలో ఎవరి బతుకు ఎటు మారుతుందన్న ప్రశ్న కూడా ఉంది. ఉప్పునీరు పైకి ఎక్కితే పొలాలవాళ్లు నష్టపోతారు, ఎక్కకపోతే రొయ్య పిల్ల లోపలికి రాక వలలవాళ్లు నష్టపోతారు. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టకుండా గీసిన గీత ఎంత శాస్త్రీయమైనదైనా రేపు ఊళ్ల మధ్య తగవవుతుంది. చిత్తడి నేలల నిర్వహణలో స్థానికులకు భాగం ఉండాలని, ఆ నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందపు దేశాలు 1999లోనే మార్గదర్శకాలు ఆమోదించాయి. మీకు తెలియని సంగతి కాదు.

అయ్యా, మా కోరిక పెద్దది కాదు. పటం ఖరారు కాకముందే మమ్మల్ని పిలవండి. సమావేశం తేదీ పెట్టేటప్పుడు పోటు పాట్ల పట్టిక చూడండి. నివేదిక సారాంశాన్ని మా భాషలో ముందుగా ఇవ్వండి, నోటితో చెప్పిన మాటను కూడా రాసుకోండి, మేము చెప్పినదానిలో ఏది తీసుకున్నారో, ఏది వదిలేశారో, ఎందుకు వదిలేశారో మాకు తెలియజేయండి. పర్యవేక్షణ సంఘంలో గుల్లలు ఏరే ఆడవాళ్లకు చోటు ఇవ్వండి, ఎందుకంటే ఆ బురదలో రోజూ అడుగుపెట్టేది వాళ్లే. మళ్లీ మళ్లీ వేడుకుంటున్నాను, పటం ఖరారు కాకముందే పిలవండి.

వచ్చే పౌర్ణమికి నీరు వెనక్కి తీసిన వేళ మీ అధికారులను ఆ పటంతో సహా బురదనేల మీదికి పంపించండి. మేము తోడు నడుస్తాం. ఆ పెద్దాయన కూడా వస్తానన్నారు.

భవదీయుడు,
మొగ ఒడ్డు నివాసి