ఆ రికార్డులు తిప్పి పంపేశాను

‘ఫ్లెక్స్ యువర్ హెడ్’ అనే వాషింగ్టన్ రాక్ బ్యాండ్ల సంకలనం ఎల్పీ రికార్డు కోసం అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవారికి: సరుకు వచ్చింది, కానీ మీకు ఇవ్వడం లేదు. అడ్వాన్సు మొత్తం వాపసు ఇస్తాను. బరంపురంలో ఉన్నవారు దుకాణానికి రండి. ఇచ్ఛాపురం, పర్లాకిమిడివారికి ఫోను ద్వారా పంపుతాను.

మే నెలలో పంపవద్దని, తప్పదనుకుంటే రికార్డుల మధ్య గట్టి అట్టలు పెట్టమని సరఫరాదారుకు ముందే చెప్పాను. ఆయన అట్టల ఖర్చు మిగుల్చుకున్నాడు. పెట్టె పార్సిల్ షెడ్డులో రేకుల కింద మగ్గింది. మన ఎండ సంగతి మీకు చెప్పాలా? విప్పి చూస్తే ప్రతి రికార్డూ అంచు దగ్గర వంగిపోయి ఉంది.

వేరే ఎల్పీ అయితే సర్దుకుపోవచ్చునేమో. ఇందులో 11 బ్యాండ్లు, 32 పాటలు. చాలావరకు నిమిషం, నిమిషంన్నరలో ముగిసిపోతాయి. నిమిషానికి రికార్డు తిరిగేది 33 చుట్లే; ముల్లు ఎగిరి నాలుగు చుట్లు దాటేస్తే పల్లవే ఎగిరిపోతుంది. పైగా వంపు అంచున ఉంది కనుక దెబ్బ తగిలేది మొదటి పాటలకు, మొదటి వైపున అయితే టీన్ ఐడిల్స్ అనే బ్యాండుకు. ఆ కుర్రవాళ్లు 1980లో విడిపోతూ, కచేరీల్లో కూడబెట్టిన డబ్బు పంచుకోకుండా దానితో ఒక చిన్న రికార్డు వేశారు. ఈ సంకలనాన్ని తెచ్చిన డిస్కార్డ్ రికార్డుల సంస్థ పుట్టింది అలాగే. 1982లో ఈ సంకలనం వచ్చేసరికి ఆ బ్యాండు లేదు. ఇందులోని మరికొన్ని కూడా అప్పటికే విడిపోయాయి. వాళ్ల పాటలు గెంతులు వేస్తుంటే మీ దగ్గర డబ్బు ఎలా తీసుకోను?

సరఫరాదారు బేరం పెట్టాడు: సగం ధరకు ఉంచుకుని అమ్ముకోమన్నాడు. నిద్ర మానుకుని లెక్కలు వేశాను. ఉంచుకుంటే లాభమే. తిప్పి పంపితే రానూపోనూ రవాణా ఖర్చు నా నెత్తిన పడుతుంది. ఇంట్లోవాళ్లూ ఉంచుకోమనే అన్నారు. దాదాపు ఒప్పుకోబోయాను. అప్పుడు ఆయన ఫోనులో నవ్వుతూ, “బరంపురంలో ఈ గోల వినేదెవరు, తేడా తెలిసేదెవరికి?” అన్నాడు.

మర్నాడే పెట్టె కట్టించాను.

అమెరికాలో సంగీతమంటే న్యూయార్క్, లాస్ ఏంజిలస్ అనుకునే రోజుల్లో, పెద్ద కంపెనీల గుమ్మం తొక్కకుండా వాషింగ్టన్ కుర్రకారు తమ ఊరి హార్డ్‌కోర్‌ను, అంటే వేగంగా, గట్టిగా వాయించే పంక్ రాక్‌ను, తామే రికార్డు చేసుకున్నారు. ఇక్కడ వినేదెవరు అన్న మాట వాళ్ల చెవినా పడే ఉంటుంది. నాకు ఈ బేరంలో నష్టమే వచ్చింది. అయినా మళ్లీ ఇదే జరిగితే మళ్లీ ఇదే చేస్తాను.

కవరు గోడకు తగిలించుకుంటాం, వంగినా ఫరవాలేదు, ఇచ్చేయండి అని కొందరు అడిగారు. గోడకైతే పోస్టరు కొనుక్కోండి, నేను రికార్డులు అమ్ముతాను.

వానలు తగ్గాక కొత్త సరుకు తెప్పిస్తున్నాను, వేరే సరఫరాదారు దగ్గర నుంచి. ఇప్పుడు అడ్వాన్సు వాపసు తీసుకుంటున్నవారికే మొదట ఇస్తాను, అదీ చెప్పిన ధరకే. తక్కువ ధరకు అమ్మడం డిస్కార్డ్‌వారు మొదటి నుంచీ పట్టుదలగా పాటించే పద్ధతి. వాళ్ల రికార్డు మీద నా నష్టం పూడ్చుకోను. పాత సరఫరాదారు నాకు ఇవ్వవలసిన డబ్బు ఇంకా ఇవ్వలేదు. అది నా గొడవ, నేను చూసుకుంటాను.

ఇకమీదట ప్రతి రికార్డూ మీ ముందే విప్పి, రెండు వైపులా మొదటి పాటలు వినిపించాకే డబ్బు తీసుకుంటాను. సీలు విప్పకూడదనేవారు వేరే దుకాణం చూసుకోవచ్చు.