ఆల్చిప్పల మాంసంలో పురుగులు, మీరిచ్చిన జవాబు గురించి ఫిర్యాదు

ఎడిసన్, న్యూజెర్సీ

మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కొట్టు మనవాళ్ళదే కనుక తెలుగులోనే రాస్తున్నాను. పోయిన శనివారం మీ దగ్గర ఫ్రీజర్‌లోంచి సర్ఫ్ క్లామ్ అనే సముద్రపు ఆల్చిప్పల మాంసం రెండు ప్యాకెట్లు కొన్నాం. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూర వండుదామని పసుపు వేసి కడుగుతుంటే, కండలో ముదురు గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. మట్టేమోనని వేలితో రుద్దినా పోలేదు. పిన్నీసు మొనతో గీరితే చుట్టచుట్టుకున్న దారం లాంటిది ఊడివచ్చింది. ఒక్క ప్యాకెట్‌లోనే ఆరు తీశాం.

ఫోన్ చేస్తే మీ కౌంటర్‌లో అబ్బాయి "ఇసకండీ, ఇంకోసారి కడగండి" అన్నాడు. ఫోటోలు పంపాక "తాబేళ్ళ వల్ల వస్తుందట, మేమేం చేస్తాం" అని మెసేజ్ వచ్చింది.

అది ఇసక కాదండీ. ఈ తీరం సర్ఫ్ క్లామ్‌లలో ఇలా కనిపించేది సల్కాస్కారిస్ సల్కాటా అనే ఏలికపాము పిల్ల. పెద్ద పురుగు లాగర్‌హెడ్ అనే సముద్రపు తాబేలు కడుపులో ఉంటుంది. దాని గుడ్లు మలంతో సముద్రంలో పడతాయి, పిల్లలు ఆల్చిప్పల్లో పెరుగుతాయి, ఆ చిప్పల్ని తాబేలు నమిలి తింటే మళ్ళీ దాని కడుపులోకే చేరతాయి. అంత ముదురు రంగు రావడానికి కారణం ఆ పురుగులోనే కాపురముండే ఇంకో సూక్ష్మ పరాన్నజీవి, యూరోస్పోరిడియం. పరాన్నజీవికే పరాన్నజీవి! ఈ క్లామ్ పురుగులో ఉండే యూరోస్పోరిడియం జాతికి 1975లోనే పేరు పెట్టి, క్లామ్ వ్యాపారానికి తెచ్చే చిక్కును కూడా శాస్త్రవేత్తలు రాశారు. యాభై ఏళ్ళ నాటి సంగతి మీకు సరుకు పంపేవాళ్ళకు తెలియదంటే నేను నమ్మను.

బాగా ఉడికిస్తే పురుగు చస్తుందని నాకూ తెలుసు. నా బాధ మీ జవాబు గురించి. లాగర్‌హెడ్‌ను ఈ దేశం 1978 నుంచి చట్టం పెట్టి కాపాడుకుంటోంది. అది దాని తిండి అది తింటోంది. అమ్మే ముందు మాంసాన్ని వెలుతురులో పరిచి, చూసి, ఏరాల్సిన పని దానిది కాదు కదా?

రెండు ప్యాకెట్ల డబ్బు తిరిగి ఇవ్వండి. అదే లాట్ సరుకు ఫ్రీజర్‌లోంచి తీసి, పంపినవాళ్ళకు రాతపూర్వకంగా తెలపండి. పచ్చిగా తినకూడదని ప్యాకెట్ మీద తెలుగులోనూ వేయించండి. ఇంకెవరైనా అడిగితే ఇసక అని మాత్రం చెప్పించకండి.

రెండో ప్యాకెట్ విప్పలేదు, లాట్ నంబర్‌తో సహా మా ఫ్రీజర్‌లో ఉంది. మీవాళ్ళు చూస్తామంటే ఏ సాయంత్రమైనా రావచ్చు.

ఇట్లు,
మీ దగ్గర ఆరేళ్ళుగా కొంటున్న ఒక గృహిణి