కోత చిన్న ఆటలకేనా?

సంపాదకులకు నమస్కారం.

ఖర్చులు పెరిగాయంటూ అమెరికా కాలేజీలు టెన్నిస్, ఈత, జిమ్నాస్టిక్స్ లాంటి జట్లను ఎత్తేస్తున్నాయి. మా అమ్మాయి ఎనిమిదో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది. తెల్లవారుజామున ఐదింటికే కోర్టుకు తీసుకెళ్లిన రోజులకు లెక్కలేదు. తనను కాలేజీ జట్టులోకి రమ్మన్న కోచే మొన్న ఫోన్ చేసి, వచ్చే ఏడాది అసలు జట్టు ఉంటుందో లేదో చెప్పలేనన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

కాలేజీ క్రీడాకారులు వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా క్రీడాకారులకు ఇవ్వవచ్చు. ఆడే పిల్లలకు డబ్బు దక్కడం న్యాయమే. దాన్ని నేను తప్పుపట్టను. కానీ మిగతా ఖర్చు సంగతేమిటి? 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు, కాంట్రాక్టు ప్రకారం ఆయనకు చెల్లించాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైమాటే. పని చేయించుకోకుండానే అంత మొత్తం! ఆ డబ్బుతో ఒక టెన్నిస్ జట్టును ఎన్నేళ్లు నడపవచ్చో ఆలోచించండి.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 2020లో 11 ఆటలను ఆపేస్తామంది. ఆటగాళ్లు, పూర్వ విద్యార్థులు పోరాడితే 2021 మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అందుకే ఇక్కడి తెలుగు తల్లిదండ్రులను కోరుతున్నాను: కాలేజీలో చేర్చే ముందే, జట్టు రద్దయితే స్కాలర్‌షిప్ చదువు పూర్తయ్యే వరకు ఉంటుందా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

- ఒక క్రీడాకారిణి తండ్రి, డాలస్