సైలేజ్ అంటే బర్రెలకేనా సార్?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ పేపర్ల పాడి రైతుల కోసం సైలేజ్ మీద, అంటే గాలి చొరకుండ మూసి పులియబెట్టిన పచ్చిమేత మీద, పెద్ద వార్త వేసిన్రు, మంచిగుంది, కానీ చివరిదాకా చదివినా మేక అన్న మాట ఒక్కసారి కూడా కనబడలే. అందుకే రాస్తున్నా. మాది వరంగల్ దగ్గర పల్లె, పాతిక మేకలున్నయ్.

ఏప్రిల్, మే వచ్చిందంటే గుట్ట మీద రొట్ట ఉండదు, కోసిన మళ్లల్ల కొయ్యకాళ్లు తగలబెడతరు, వరిగడ్డి ఏద్దామంటే మేక దాని మొహం చూడదు. అదే యాసంగి మక్క అక్టోబర్, నవంబర్ల వేస్తే జనవరి ఆఖరుకో ఫిబ్రవరికో కంకి పాలు గట్టిపడి పిండి పట్టుకుంటది, అప్పుడు చెట్టుకి చెట్టు కోసి అంగుళం లోపు ముక్కలు చేసి గాలి చొరకుండ తొక్కి మూసేస్తే 45 రోజులకి పులిసి తయారైతది. బెల్లం నీళ్లు కూడా అక్కర్లేదు, మక్కల ఉన్న తీపే సరిపోతది. మా ఆమె అయితే ఇది మామిడికాయ పచ్చడి జాడీ లాంటిదే అంటది, మూత సరిగ్గ లేకుంటే బూజే.

ఆ బూజు సంగతే చెప్పాలె. రెండేండ్ల కింద ఒక కాడ 400 కేజీల బేలు, అంటే గట్టిగ చుట్టిన సైలేజ్ మూట, కొన్న, అంతకంటే చిన్నది లేదన్నరు. మేకకి రోజుకి కేజీ ఏసుకున్నా అది 16 రోజులొస్తది, మే ఎండల ఓసారి విప్పినంక అన్ని రోజులు ఎట్ల ఆగుతది? నాలుగో రోజుకే చెయ్యి పెడితే వేడిగుంది, తెల్ల బూజు. పైసలు పెట్టి కొన్న గదా అని పైపైన తీసేసి మిగిలింది ఏసిన, తప్పు నాదే. బేలు అయిపోయిన రెండు వారాలకి ఒక మేక తల పక్కకి వాల్చి గుండ్రంగ తిరుగుడు మొదలుపెట్టింది, చొంగ కార్చుకుంట మూడో రోజు పోయింది. ఇంకోదానికి సూదులు తొందరగా పడ్డయి, బతికింది. డాక్టర్ సాబు లిస్టీరియా అన్నడు, సరిగ్గ పులవని సైలేజ్‌ల, మట్టి కలిసిన దాంట్ల ఆ క్రిమి పెరుగుతదట, బర్రెల కంటే గొర్లకి మేకలకే ఎక్కువ తగుల్తదట.

ఈ ముక్క కొనేముందు చెప్పినోడు లేడు. మొదట గుప్పెడుతో మొదలుపెట్టి పది పదిహేను రోజుల మీద పెంచాలె, సుబాబుల్ మండలో అవిశ ఆకో పక్కన ఉండాలె, చిన్న మేకపిల్లలకి పెట్టొద్దు, తొట్టిల మిగిలింది సాయంత్రానికి ఎత్తిపారేయాలె. ఇవన్నీ నాకు మేక పోయినంకనే తెలిసినయ్.

స్కీములు లేవా అంటే ఉన్నయ్. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ల సైలేజ్ యూనిట్‌కి సగం సబ్సిడీ, 50 లక్షల దాకా. మేకల ఫారానికి కూడా ఇస్తరు గానీ 500 మేకలు, 25 పోతులు అని మొదలుపెట్టిన్రు, తర్వాత 100కి దించిన్రు, మరి పాతిక మేకలోడు యాడికి పోవాలె? 2017ల గొర్లు పంచినప్పుడు 20 గొర్లు, ఒక పొట్టేలు అని రాష్ట్ర సర్కారు లెక్క కట్టింది గదా, అంటే మా అసొంటోళ్ల మంద ఎంతుంటదో తెలవక కాదు.

మేం అడిగేది పెద్దదేం కాదు. 25 కేజీల సంచులు రావాలె, మంద ఒక్కరోజుల తినేస్తది, విప్పింది మిగలదు. సంచి మీద ఎప్పుడు మూసిన్రో తేదీ ఉండాలె. ఊరికొక చాఫ్ కట్టర్, అదే మేత ముక్కలు చేసే మిషన్, కిరాయికి పెట్టి, ప్లాస్టిక్ డ్రమ్ముల ఎట్ల తొక్కాలో పశువుల దవాఖాన ముందల ఒక్క పూట చేసి చూపిస్తే మిగతాది మేం చూసుకుంటం. ఫిబ్రవరిల మక్క కోతకొచ్చే లోపే కావాలె, కంకి ఎండినంక చూపిస్తే ఏం లాభం. డ్రమ్ములు నేను ఇప్పటికే రెండు కొని కడిగి పెట్టిన.

ఇట్లు,
ఒక మేకల రైతు, వరంగల్ జిల్లా