టోకెన్ చూపిస్తే టీసీ ఇస్తారా సార్?

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

మా చెల్లి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద, అంటే కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే స్కీములో చదివి, డిగ్రీ పాసై నాలుగు నెలలైంది. టీసీ లేదు, మెమోలు లేవు. కాలేజీ పేరు రాయను, అక్కడ ఒక్కచోటే అయితే ఈ ఉత్తరమే రాసేవాణ్ని కాదు. "రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా, ఫీజు మీరు కట్టేసి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి, గవర్నమెంటు నుంచి రాగానే తిరిగిచ్చేస్తాం" అంటున్నారు కౌంటర్లో. మూడేళ్ల ఫీజు ఒక్కసారే కట్టగలిగేవాళ్లమైతే అసలు ఈ స్కీముకి ఎందుకు అప్లై చేస్తాం?

ఈ-పాస్‌లో, అదే ఈ స్కీము వెబ్‌సైట్‌లో, చూస్తే శాంక్షన్ అయినట్టే ఉంది. ఆఫీసులో అడిగితే ట్రెజరీలో టోకెన్ పడిందన్నారు. టోకెన్ అంటే డబ్బు కాదని, డబ్బు కోసం ఉన్న క్యూలో మన నంబరని నాకు అప్పుడే తెలిసింది.

మావైపు నుంచి ఏం తక్కువైందో చెప్పండి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చాం, ఏటా రెన్యువల్ చేశాం, మీసేవలో వేలిముద్ర వేశాం, 75 శాతం హాజరు చూపించాం, ఇవన్నీ మీరు పెట్టిన చివరి తేదీ లోపలే. మీకు మాత్రం చివరి తేదీ లేదు.

పథకం చెడ్డదని అనడం లేదు. 2008లో అది మొదలైంది కాబట్టే మా ఇంట్లో మొదటి డిగ్రీ నాకు వచ్చింది. బకాయిలు ముందు ప్రభుత్వం నుంచే వచ్చాయంటారు, నిజమే, కానీ పిల్లలు ఫీజు కట్టేది ప్రభుత్వం అని నమ్ముతారు గానీ పార్టీ అని కాదు కదా. 2025 సెప్టెంబర్‌లో ఓసారి, నవంబర్‌లో ఓసారి ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి, ప్రభుత్వం పిలిచి మాట్లాడింది, హామీ ఇచ్చింది, బంద్ ఆగింది. లెక్చరర్లకు జీతాలు ఇవ్వలేకపోతున్నామని వాళ్లు చెప్పింది కూడా అబద్ధమేం కాదు. అప్పు మీకూ వాళ్లకూ మధ్య, తాకట్టులో ఉన్నవి మాత్రం మా చెల్లి మెమోలు.

కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మీరు చేయాల్సిందల్లా, బకాయి ఉందని సర్టిఫికెట్ ఆపితే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఎన్ని రోజుల్లో ఇప్పిస్తారో ఒక జీవో ఇవ్వడం, మూడు నెలలకోసారి ఏ తేదీన డబ్బు వేస్తారో ఈ-పాస్‌లో రాసిపెట్టడం.

చెల్లికి పీజీ సీటొచ్చింది. ఒరిజినల్స్ ఇవ్వడానికి వారం గడువుంది. మీ జీవో వచ్చేదాకా ఆగలేం, వడ్డీకి తెచ్చి కట్టేస్తున్నాం, రసీదు కూడా తీసుకుంటాం. ఆ డబ్బు రేపు కాలేజీని అడగాలా, మిమ్మల్ని అడగాలా, అదొక్కటి చెప్పండి సార్.

ఇట్లు,
ఒక విద్యార్థిని అన్న