ప్రభువు బల్ల దగ్గరికి రాని అమ్మాయికి

చిత్తూరు

ప్రియమైన అమ్మాయికి, ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ నాన్న శుభములు తెలిపి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

మొన్న మొదటి ఆదివారం సంస్కారపు ఆరాధనలో, యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే రొట్టె, పాత్ర తీసుకోవడానికి అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే, నీవు మీ అవ్వను చేయి పట్టుకొని ముందు మెట్టు దాకా నడిపించి, తిరిగి వచ్చి బెంచీ మీద తల వంచుకొని కూర్చోవడం చూశాను. సాయంత్రం బస్సు ఎక్కే ముందు నీవే, "నేను అంత మంచిదాన్ని కాదు నాన్నా, కాస్త బాగుపడ్డాక తీసుకుంటాను" అన్నావు. బస్టాండులో నాకు జవాబు నోటికి రాలేదు. వారం రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది కాబట్టి వ్రాస్తున్నాను.

నిన్ను భయపెట్టిన వాక్యం ఏదో నాకు తెలుసు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో, అయోగ్యముగా ఆ రొట్టెను తినేవాడు అపరాధి అవుతాడని పౌలు హెచ్చరిస్తాడు. అయితే అక్కడ కొంచెం పైనుంచి చదువు. ఆ సంఘంలో ఒకడు ఆకలితో ఉంటే మరొకడు ముందుగానే తిని తాగి మత్తుడవుతున్నాడు; పేదవారిని సిగ్గుపరచిన ఆ తీరునే పౌలు గద్దించాడు. అయోగ్యముగా తినడం వేరు, అయోగ్యుడు తినడం వేరు. యోగ్యులు మాత్రమే రావాలంటే మన గుడిలో ఆ బల్ల చుట్టూ ఒక్కరు కూడా నిలబడలేరు, పాస్టరు అయ్యగారితో సహా. మనిషి తన్ను తాను పరీక్షించుకొని, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" పాత్రలోనిది తాగాలన్నాడే గాని, పరీక్షించుకొని వెనక్కి వెళ్లిపొమ్మనలేదు.

అసలు చిక్కు బల్ల విషయంలో కాదమ్మా, రక్షణ విషయంలోనే ఉంది. మనం ముందు బాగుపడాలి, తరువాత దేవుడు అంగీకరిస్తాడు అని నీ మనసులో ఎక్కడో నాటుకుపోయింది. సువార్త దీనికి తలక్రిందులుగా ఉంటుంది. మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెనని రోమా పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. మన పాపానికి రావలసిన శిక్షను ఆయన సిలువ మీద తానే భరించాడు, మూడవ దినమున లేచాడు.

మన ఇంటి విశ్వాసం నిన్ను రక్షిస్తుందని కూడా నేను చెప్పను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు, ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న కాలంలోనే, అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషను వారు ఈ ప్రాంతంలో పనిచేశారు; మా తాత వారి బడిలోనే అక్షరాలు దిద్ది, వాక్యం విన్నాడు. దానికి దేవునికి స్తోత్రం. కానీ దేవుని పిల్లలు రక్తమువలన పుట్టినవారు కారని యోహాను వ్రాశాడు. పసితనంలో నీకు బాప్తిస్మం ఇప్పించింది మేము. ఆయనను నమ్మవలసింది నీవు.

ఈ రోజుల్లో నర్సరీలో మామిడి అంట్లు కడుతున్నాము. నీకు చిన్నప్పటి నుంచి తెలిసిన పనే. టెంక నుంచి మొలిచిన మొక్కను పైన కోసి, కాండాన్ని నడిమికి చీల్చి, బెంగళూరా రకం మామిడి పుల్లను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుడతాము. పుల్ల చేసే పని ఏమీ లేదు. ఆ గాయంలో కదలకుండా ఉండటమే. రసం వేరు నుంచి వస్తుంది. మనం నాటు వేరు మీద మంచి పుల్లను కడతాము, ఎందుకంటే కాయ పుల్ల జాతిదే కాస్తుంది. రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు చెప్పింది దీనికి ఎదురు: మనలాంటి అడవి ఒలీవ కొమ్మను తెచ్చి మంచి చెట్టుకు కట్టడం! అది స్వభావవిరుద్ధమని ఆయనే ఒప్పుకుంటాడు. ముప్పై ఏళ్లుగా అంట్లు కడుతున్న నాకు ఆ ఒక్క మాట చదివినప్పుడల్లా కన్నీళ్లు వస్తాయి. ఏ తోటమాలీ మామూలుగా చేయని పనిని దేవుడు మన కోసం చేశాడు, దాని కోసం తన కుమారుణ్ణే గాయపరిచాడు. మంచి కాయలు కాసిన తరువాత కట్టించుకుంటానని ఏ పుల్లా అనదు కదా తల్లీ.

మరి నేనేం చేయాలి అని అడుగుతావు. పౌలు, అతని తోటి సేవకుడు సీల దెబ్బలు తిని బంధింపబడిన ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు కూడా అర్ధరాత్రి వణకుచు అదే అడిగాడు. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అన్నదే అతనికి దొరికిన జవాబు. ఆ గడియలోనే అతడు పౌలు సీలల గాయాలు కడిగాడు. కడిగినందుకు రక్షణ రాలేదు, నమ్మినవాడు కడిగాడు. నీవు దాచుకున్న తప్పు ఏదైనా ఉంటే దాన్ని పేరు పెట్టి ఆయన ముందు ఒప్పుకో, దాన్ని విడిచి ఆయన వైపు తిరుగు. మాకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే బలవంతం లేదు. మాటలు దొరకకపోతే, యేసు చెప్పిన ఉపమానంలో దూరంగా నిలిచి రొమ్ము కొట్టుకున్న ఆ సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి, మాటలే చాలు: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." నమ్మకం సన్నగా ఉందనిపిస్తే ఆ సంగతి కూడా ఆయనకే చెప్పు, అపనమ్మకం పోవడానికి సహాయం చేయమని మొరపెట్టిన తండ్రిని యేసు గద్దించలేదు, అతని బిడ్డను బాగుచేశాడు.

వచ్చే నెల మొదటి ఆదివారానికి, శనివారం సాయంత్రం బస్సుకే బయలుదేరు. మీ అవ్వకు ఆ మెట్టు దగ్గర ఇప్పటికీ చేయి కావాలి. ఈసారి అక్కడి నుంచి వెనక్కి తిరగకుండా, ఆమె పక్కనే మోకాళ్లూను.

నీ కోసం ప్రతి ఉదయం ప్రార్థించే
మీ నాన్న