బండి ఎత్తు తగ్గించే పనిలో ఈ నెల నుంచి మా దగ్గర మారుతున్నవి

కాళ్లు నేలకి అందాలని మా దగ్గర మోటార్‌సైకిల్ ఎత్తు తగ్గించుకున్నవాళ్లకీ, అలా బండి దించుకుందామని రోజూ ఫోన్ చేస్తున్నవాళ్లకీ ఈ నాలుగు మాటలు.

రేట్లు పెంచలేదు. మారింది పని చేసే వరస. ఇకమీదట ఏ బండికైనా ముందు స్ప్రింగ్ సర్దుబాటు, తర్వాత సీటు, ఆ రెండూ చాలకపోతేనే సస్పెన్షన్. "వెనకాల లింకులు మార్చి ఇచ్చెయ్యండి, గంటలో వెళ్లిపోతా" అంటే ఇక కుదరదు. (లింకులంటే వెనక చక్రం కదలికని షాక్‌కి చేర్చే పట్టీలు.) ఆ పని మేమూ కొన్ని బండ్లకి చేసి ఇచ్చాం. అది సగం పని అని ఒప్పుకుంటున్నాం. అలా తీసుకెళ్లినవాళ్లు బండి తీసుకొస్తే ముందు ఫోర్కూ, సైడ్ స్టాండూ సరిచేసి ఇస్తాం. దానికి డబ్బు తీసుకోం.

కంపెనీ చెప్పే సీటు ఎత్తు బండి మీద ఎవరూ కూర్చోనప్పటిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350కి 790 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350కి 805, హిమాలయన్ 450కి 825, ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్‌కి 835. మనిషి ఎక్కాక స్ప్రింగ్ ఎంత అణుగుతుందన్నది ఆ అంకెలో ఉండదు. అసలు తేడా అక్కడే వస్తుంది. వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి తోక మీద ఒక గుర్తు దాకా కొలవండి. మీరు ఎక్కి కూర్చున్నాక మళ్లీ కొలవండి. ఆ రెండింటి తేడా చక్రం మొత్తం కదలికలో సుమారు 30 శాతం ఉండాలి. హిమాలయన్ 450 వెనక చక్రం కదలిక 200 మిల్లీమీటర్లు కాబట్టి 60 దాకా అణగాలి. 55 కిలోల మనిషి కూర్చుంటే ఆ బిగుతు స్ప్రింగ్ 40 దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు ప్రీలోడ్ రింగు (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే రింగు) వదులు చేస్తే ఏ పార్టూ మార్చకుండానే 15, 20 మిల్లీమీటర్లు కలిసొస్తాయి. పది నిమిషాల పని. ఇంకా కిందికి రావాలని అంతకు మించి వదిలేస్తే మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా షాక్ అడుగు కొడుతుంది.

ఇక సీటు. చాలామంది ఎత్తు గురించే అడుగుతారు, వెడల్పు గురించి అడగరు. కాలు నేలకి నిటారుగా దిగదు, సీటు అంచు చుట్టూ తిరిగి దిగుతుంది. ట్యాంకు దగ్గర రెండు పక్కలా అంచుల్ని కోసి గుండ్రం చేస్తే, మధ్యలో ఫోమ్ ముట్టుకోకుండానే మడమ కిందికి జరుగుతుంది. అందుకే మా వాళ్లు ముందు అంచుల మీద కత్తి పెడతారు. అదీ చాలకపోతే మధ్యలో 20 నుంచి 25 మిల్లీమీటర్లు తీస్తారు. కూర్చునే ఎముకల కింద కనీసం 40 మిల్లీమీటర్ల ఫోమ్ మిగలాలి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కింద ప్లాస్టిక్ తగలకూడదు. తగిలిందంటే గంట ప్రయాణానికే నడుం పట్టేస్తుంది. ఇంకా తీయాల్సి వస్తే అడుగున 15 మిల్లీమీటర్ల గట్టి రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కల్ని నొక్కి అతికించి చేసింది) పొర వేసి, పైన మెత్తటిది అతికిస్తాం. కంపెనీ ఫోమ్‌నే పలచగా చెక్కి వదిలేస్తే ఆరు నెలల్లో అణిగిపోతుంది.

మధ్యలో మాత్రమే తవ్వితే గిన్నెలా తయారవుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదకి జారిపోతారు. వెనక కూర్చున్నవాళ్లకేమో మెట్టు ఎక్కినట్టుంటుంది. అందుకని ముక్కు వైపు వాలు లేకుండా సమంగా, కుదిరితే కాస్త పైకే ఉంచుతాం. గమ్ మందంగా పూస్తే ఆరాక గట్టిపడి తొడకి గీతలా తగులుతుంది. పలచగా పూసి, వేలికి అంటుకోనంత వరకూ ఆరనిచ్చి అతికించాలి. వానాకాలంలో ఆరడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందుకే ఆ రోజుల్లో సీటు ఒక్కరోజులో ఇవ్వం. రెగ్జిన్ కుట్టు నడి సీటులో వేస్తే నీళ్లన్నీ దారం రంధ్రాల్లోంచి దిగుతాయి. కుట్లు పక్కలకి మార్చి, లోపల పాలిథీన్ వేస్తాం. జెల్ ప్యాడ్ పెట్టమని అడిగేవాళ్లు ఎండలో బండి ఎక్కడ పెడతారో ఒకసారి ఆలోచించండి. మే నెలలో విజయవాడ పార్కింగులో రెండు గంటలున్న జెల్ సీటు మీద కూర్చోవడం మీ ఇష్టం.

సీటు అయ్యాక కూడా చాలకపోతే సస్పెన్షన్. ఈ సంగతి కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

హిమాలయన్ లాంటి లింకేజీ ఉన్న బండికి పొడుగు లింకులు వేస్తే వెనక భాగం దిగుతుంది. చవక, తేలిక. కానీ లింకు చక్రం కదలికని తగ్గించదు, ఆ కదలిక మొత్తాన్నీ పైకి జరుపుతుంది. అంటే గుంతలో పూర్తిగా అణిగినప్పుడు చక్రం ఇంతకుముందు కన్నా పైకి వెళ్తుంది. అక్కడుండేది మడ్‌గార్డూ, దాని పక్కనే వైర్లూ. దుకాణంలో స్టాండు మీద చూస్తే ఇదేమీ కనబడదు. అరకు ఘాట్‌లో వెనక మనిషీ లగేజీ ఎక్కాక కనబడుతుంది. షాక్ నుంచి స్ప్రింగ్ తీసేసి, స్ప్రింగ్ లేని షాక్‌నే మళ్లీ బిగించి, జాకీతో చక్రాన్ని చివరిదాకా పైకి ఎత్తి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరుతుందో లేదో చూడాలి. ఈ పరీక్షకి రెండు గంటలు పడుతుంది. ఇక నుంచి లింకులు వేసే ప్రతి బండికీ చేస్తాం, వేలు దూరకపోతే లింకులు విప్పేస్తాం.

మేం ఎక్కువ ఇష్టపడేది షాక్ లోపల స్పేసర్ (షాక్ పూర్తిగా సాగకుండా ఆపే ముక్క) వేయడం. ఇది షాక్ సాగే వైపు కదలికని కోస్తుంది, పూర్తిగా అణిగినప్పటి చక్రం స్థానం పాతదే. టైరు మడ్‌గార్డుకి తగలదు. లింకేజీ నిష్పత్తి (షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం ఎన్ని కదులుతుందన్నది) 2.5 అయితే 10 మిల్లీమీటర్ల స్పేసర్‌కి వెనక 25 దిగుతుంది. షాక్ విప్పాలి, ఆయిల్ మార్చాలి, నైట్రోజన్ మళ్లీ నింపాలి కాబట్టి ఖర్చెక్కువ, మూడు రోజులు పడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. స్పేసర్ వేశాక స్ప్రింగ్ ఆ 10 మిల్లీమీటర్లు అదనంగా నొక్కుకుని ఉంటుంది. రింగుని అంతే వెనక్కి తిప్పకపోతే, లేదా పొట్టి స్ప్రింగ్ వేయకపోతే, మనిషి కూర్చున్నప్పటి ఎత్తు ఏమీ మారదు. "దించారన్నారు, కాలు ఎక్కడిదక్కడే ఉంది" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే. ఇక స్ప్రింగ్ చుట్టు కోసి దించమని అడగొద్దు. కోసిన చివర షాక్ మీద స్ప్రింగ్ ఆనే కప్పులో సమంగా కూర్చోదు, చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగ్ గట్టిపడుతుంది కూడా.

వెనక దించి ముందు వదిలేస్తే హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది, హ్యాండిల్ బరువెక్కి మలుపుల్లో బద్ధకంగా తిరుగుతుంది. అందుకే ఫోర్కు గొట్టాల్ని క్లాంపుల్లో పైకి జరుపుతాం, రెండు వైపులా మిల్లీమీటరు తేడా లేకుండా. ఎంత జరపొచ్చో ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు ముందు మడ్‌గార్డుకి పైన ఎంత ఖాళీ ఉందన్నదే చెబుతుంది. హిమాలయన్ 450 లాంటి అప్‌సైడ్ డౌన్ ఫోర్కుల్లో (లావు గొట్టం పైన ఉండేవి) క్లాంపు బోల్టు అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపల బుష్‌లు పట్టేస్తాయి. టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగిస్తున్నామో కొలిచే రెంచ్) లేకుండా ఈ పని ముట్టుకోకండి. వెనక దిగాక స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) కోణం మారుతుంది కాబట్టి చైను వదులూ మళ్లీ చూసుకోవాలి.

అన్నిటికన్నా చివర సైడ్ స్టాండ్. బండి దిగితే స్టాండు పొడుగైపోతుంది, బండి నిటారుగా నిలబడుతుంది. కాస్త గాలి వీచినా, వాలులో పెట్టినా కుడివైపు పడిపోతుంది. ముందూ వెనకా 25 దించితే స్టాండు దగ్గరా 25 దిగుతుంది. వెనక ఒక్కటే దించితే అక్కడ దాదాపు సగమే. ఈ లెక్క తెలియక ముందే కోసేస్తే బండి పక్కకి పడుకున్నట్టు వాలుతుంది. 196 కిలోల హిమాలయన్ 450ని అక్కడి నుంచి ఎత్తడం పొట్టివాళ్లకి మరీ కష్టం. అన్ని పనులూ అయ్యాక, స్టాండు బండి నుంచి విప్పి, కొంచెం కొంచెంగా కోసి, టాక్ (తాత్కాలికంగా చిన్న వెల్డు) వేసి నిలబెట్టి చూసి, అప్పుడే పూర్తి వెల్డింగ్. బండి మీదే వెల్డింగ్ చేస్తే స్టాండు స్విచ్ పోయే ప్రమాదం ఉంది. మెయిన్ స్టాండ్ ఉంటే దానిదీ ఇదే కథ.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ల నుంచి బండిని మార్చడానికి హద్దులున్నాయి. సస్పెన్షన్ మార్చాక వారంటీ, బీమా క్లెయిమ్ విషయంలో కంపెనీలు అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. ఇది ముందే చెప్పి, సంతకం తీసుకుని పని మొదలుపెడతాం. కంపెనీయే తక్కువ ఎత్తు సీటు ఇస్తుంటే అదే ముందు కొనుక్కోండి. హిమాలయన్ 450కి 805 మిల్లీమీటర్ల సీటు దొరుకుతుంది. అది సరిపోతే మా దగ్గరికి రానక్కర్లేదు.

వచ్చే ముందు ఒక పని చేయండి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య గట్టి పుస్తకం పైకి నొక్కి పెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా మిల్లీమీటర్లలో కొలిచి వాట్సాప్‌లో పంపండి. మీ బరువు, వెనక కూర్చునేవాళ్ల బరువు, బూట్ల అడుగు మందం కూడా రాయండి. మందపాటి బూట్లే 20 మిల్లీమీటర్లు ఇచ్చేస్తాయి కాబట్టి, ఎప్పుడూ వేసుకునే బూట్లతోనే దుకాణానికి రండి. ట్యాంకు సగం నింపి తీసుకురండి. సీటు పని మాత్రమే అయితే రెండు రోజులకి తీసుకెళ్లొచ్చు.